మీకు తెలుసా? జీపు పక్కన వేలాడే అయిదో చక్రం

మొగల్తూరు, నర్సాపురం చుట్టుపక్కల ఏ కొబ్బరితోట గేటు దగ్గరో, ఏ పాత మండువా ఇంటి చావిట్లోనో ఇప్పటికీ ఓ ముసలి మహీంద్రా జీపు కనిపిస్తుంది. టాపు చిరిగి ఉంటుంది, రంగు వెలిసి ఉంటుంది. ఒకటి మాత్రం దాని చోట అది ఉంటుంది: బాడీకి ఓ పక్కన, బోల్టులతో బిగించిన స్టెప్నీ. ఆ చక్రం అక్కడికి ఎలా వచ్చిందో మీకు తెలుసా? చూపుకు బాగుంటుందని పెట్టింది కాదు. దాన్ని పక్కకు నెట్టింది ఓ తలుపు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి 1945 దాకా, విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. ఆ యుద్ధపు జీపుకి వెనక తలుపే లేదు. సైనికుడు పక్కనుంచి ఎక్కి పక్కనుంచే దూకుతాడు కాబట్టి వెనక రేకు మూసేశారు. స్టెప్నీనీ, పెట్రోలు డబ్బానీ ఆ రేకుకే తగిలించారు. యుద్ధం అయిపోయింది. ఇక కొనేవాడు సైనికుడు కాదు, రైతు. 1945లో విల్లీస్ కంపెనీ రైతుల కోసం సీజే-2ఏ అనే జీపు తెచ్చింది. ధాన్యం బస్తా అయినా పాల క్యాను అయినా వెనకనుంచే కదా ఎక్కాలి! అందుకని మూసి ఉన్న రేకును కోసి, కిందికి వాలే తలుపు పెట్టారు. బరువైన చక్రాన్ని మోస్తూ రోజుకు పదిసార్లు వాలి లేచే తలుపు ఎన్నాళ్లుంటుంది? అందుకే స్టెప్నీ పక్కకు జరిగింది. సీజే-3ఏ, సీజే-3బీ లకూ అదే ఏర్పాటు వచ్చింది.

మన దేశానికి ఈ జీపును తెచ్చిన కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి ఆ దేశానికి మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు తహసీల్దారు వచ్చినా, ఇరిగేషన్ ఇంజనీరు వచ్చినా, సినిమాలో భూస్వామి వచ్చినా ఈ జీపులోనే వచ్చారు. బానెట్ ఎత్తుగా ఉండే సీజే-3బీ మనకు బాగా పరిచయం. ఆ ఎత్తు కూడా దర్పానికి కాదు. లోపల పెట్టిన కొత్త ఇంజను పాతదానికంటే పొడుగు. పాత బానెట్ దానిమీద మూతపడదు.

తలుపు కథ అమెరికా పిక్-అప్‌లదీ

జీపుకంటే ముందే వెనక తలుపుకీ స్టెప్నీకీ మధ్య తగువు పిక్-అప్ బండ్లలో మొదలైంది. ఫ్యాక్టరీలోనే వెనక తొట్టి బిగించి ఫోర్డు కంపెనీ అమ్మిన మొదటి పిక్-అప్ 1925లో వచ్చింది. అది మోడల్-టి బండి, ధర 281 డాలర్లు. అప్పటికి మన డెల్టాలో ధాన్యం, కొబ్బరి కాలవల మీద పడవల్లో వెళ్తున్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలు పొలానికి నీళ్లూ ఇచ్చాయి, సరుక్కి దారీ ఇచ్చాయి. పడవకు పంక్చరు బెడద లేదు.

మోడల్-టి తర్వాత వచ్చిన మోడల్-ఎ పిక్-అప్‌లో స్టెప్నీకి ముందు మడ్‌గార్డులో చోటిచ్చారు. మడ్‌గార్డు మీద ఓ గుంట నొక్కి, అందులో చక్రాన్ని నిలబెట్టి, పక్కనుంచి బిగించారు. ఎందుకంటే తొట్టిలో పడేస్తే సరుకు చోటు తింటుంది. వెనక తగిలిస్తే తలుపు తెరుచుకోదు. ఛాసిస్ కింద పెడితే, ఆనాటి బురద రోడ్ల మీద, పంక్చరైన బండి కింద పడుకుని చక్రం ఊడదీయాలి. పక్కనే నయం: నిలబడి రెండు నట్లు విప్పితే చేతికొస్తుంది.

1950ల నాటికి ముందువైపు మడ్‌గార్డులు ఉబ్బి బానెట్‌తో కలిసిపోయాయి. గుంటకు చోటు పోయింది. అప్పుడు స్టెప్నీ వెనక్కి నడిచి, క్యాబిన్‌కూ వెనక చక్రానికీ మధ్య తొట్టి పక్కన స్థిరపడింది. ఆ కాలపు తొట్టి ఇరుకు. వెనక మడ్‌గార్డులు తొట్టికి బయట ఉబ్బెత్తుగా ఉండేవి, వాటి ముందు ఎక్కడానికి ఓ మెట్టు. ఆ మెట్టు పైన ఖాళీలోనే చక్రం తగిలించేవాళ్లు. చక్రం పెద్దది, ఖాళీ చిన్నది. షెవర్లే వాళ్లు ఏం చేశారో చూడండి: పక్కన స్టెప్నీ కావాలన్న వాళ్లకోసం వెనక మడ్‌గార్డునే వేరుగా చేయించారు. టైరు అంచు ఆనే చోట రేకును లోపలికి నొక్కి, గుంట పడిన మడ్‌గార్డు బిగించి ఇచ్చేవాళ్లు. తెలియనివాడు చూస్తే ఎక్కడో గుద్దేశారనుకుంటాడు. ఇప్పుడు పాత బండ్లు బాగుచేసేవాళ్లు ఆ సొట్ట మడ్‌గార్డు కోసమే వెతుకుతారు. సొట్ట తీసి సాపు చేసిన మేస్త్రీని వాళ్లు ఏమనుకుంటారో ఊహించుకోండి.

1957లో ఫోర్డు, 1958లో షెవర్లే తొట్టిని వెడల్పు చేసి, పక్కలు క్యాబిన్‌తో సమంగా తెచ్చాక మెట్టు పోయింది. మెట్టుతోపాటు చక్రం తగిలించే చోటూ పోయింది. స్టెప్నీ తొట్టి కిందికి దిగింది. పాత ఇరుకు తొట్టి బండ్లు మరికొన్నేళ్లు పక్కపక్కనే అమ్ముడయ్యాయి. అందువల్ల పక్క చక్రం ఒక్క రోజులో మాయం కాలేదు.

ఈ షెవర్లేలు మనకు అంత దూరం చుట్టాలేమీ కాదు. వీటిని చేసే జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో బండ్లు బిగించే కార్ఖానా పెట్టి 1954 దాకా నడిపింది. తెలుగు జిల్లాల్లో తొలినాటి ప్రైవేటు బస్సులూ, లారీలూ చాలావరకు ఫోర్డు, షెవర్లే ఛాసిస్‌ల మీద కట్టినవే. అన్నిట్లోకీ పేరుమోసింది ఏదంటే, 1982లో ఎన్టీ రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం. అది ఓ పాత షెవర్లే వ్యాను. దాన్ని నడిపింది ఆయన కొడుకు హరికృష్ణ.

అద్దం ఎక్కడ పెట్టాలి?

1930ల ఖరీదైన కార్లకు రెండు పక్కలా రెండు స్టెప్నీలు ఉండేవి. బానెట్ పక్కన నిలబెట్టిన ఆ చక్రాలు డ్రైవరుకు అడ్డమొచ్చే మాట నిజమే. అయినా వాటితో ఓ పని జరిపించుకున్నారు. వెనక చూసే అద్దాన్ని తోలు పట్టీతో ఆ టైరు మీదే కట్టేసేవాళ్లు. చక్రానికి ఇనుప మూత, మూతకు తాళం అదనం. టైరు దొంగలు ఆ రోజుల్లోనూ ఉన్నారు మరి.

చక్రం మీద చక్రం

అసలు స్టెప్నీ అనేది లేని కాలంలో ఏం చేసేవారు? రోడ్డు పక్కన కూర్చుని టైరు పీకి, ట్యూబు మార్చి, చేత్తో గాలి కొట్టుకునేవారు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగి పారిస్ చేరే పందెంలో టైర్లు చేసే మిషెలిన్ అన్నదమ్ములు గాలి టైర్ల కారుతో దిగారు. దారి దాదాపు 1,200 కిలోమీటర్లు. వెంట తెచ్చుకున్న 22 ట్యూబులూ ఖర్చయ్యాయి. గడువులోగా చేరలేకపోయినా గాలి టైరుకు ఎదురులేదని వాళ్లే తేల్చారు. ఇంకెవరైనా అయితే ఆ రోజే వ్యాపారం మానుకునేవారు.

1904లో వేల్స్ దేశంలోని లనెల్లి అనే ఊళ్లో డేవిస్ అన్నదమ్ములిద్దరు ఓ ఉపాయం పట్టారు. చువ్వలూ లేవు, ఇరుసూ లేదు, గాజులాంటి ఒట్టి రిమ్ము. దానికి ముందే గాలి కొట్టిన టైరు ఎక్కించి ఉంటుంది. బండి పంక్చరైతే చక్రం ఊడదీయనక్కర్లేదు. ఈ రిమ్మును పంక్చరైన చక్రం పక్కన ఆనించి, బిగింపులతో పట్టించి, ఇంటిదాకా నడుపుకోవడమే. వాళ్ల దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ. అమెరికా, ఇంగ్లండు ఆ పేరు మరిచిపోయాయి. మన క్లీనరు కుర్రాడు ఇంకా రోజూ తలుస్తున్నాడు. గమనించారా, మొట్టమొదటి స్టెప్నీ కూడా పక్కన తగిలించినదే. కాకపోతే బండి పక్కన కాదు, చక్రం పక్కన.

ఎన్ని టైర్లు ఉండాలో సర్కారు చెప్పిన రోజులు

1942లో జపాన్ సైన్యం మలయానూ డచ్ ఇండీస్‌నూ పట్టుకోవడంతో ప్రపంచంలోని రబ్బరు తోటల్లో చాలా భాగం దాని చేతికి పోయింది. అమెరికాలో పెట్రోలు కంటే ముందు టైర్లకే రేషన్ వచ్చింది. కారుకు అయిదు టైర్లు మించి ఉండకూడదన్నారు. నాలుగు నేలమీద, ఒకటి స్టెప్నీ. ఆపైన ఉన్నవి సర్కారుకు అమ్మెయ్యాలి. పెట్రోలు కార్డు కావాలంటే టైర్ల నంబర్లు రాసివ్వాలి. రెండు పక్కలా రెండు స్టెప్నీలతో దర్జాగా తిరిగినవాళ్ల బండికి ఆ లెక్కన ఒక పక్క బోసిపోయినట్టే.

మన వైపు అదే యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచాయి. బస్సు వెనక పొడవాటి ఇనుప కొలిమి ఒకటి తగిలించి, దాంట్లో బొగ్గు రాజేసి, ఆ గ్యాసును ఇంజనుకు పంపేవారు. బొగ్గు బస్సు అనే మాట పెద్దవాళ్ల నోట విన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బయలుదేరే ముందు కొలిమి చక్రం తిప్పుతూ నిప్పు రగల్చడమే ఓ పెద్ద పని. బండి వెనక భాగం దేనికి ఇవ్వాలి అన్న తగువు అప్పుడూ తప్పలేదు.

ఎడమ చక్రం నట్టు ఎటు తిప్పాలి?

ఇది పాత జీపు కొన్నవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. యుద్ధకాలపు విల్లీస్ జీపుకు ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరవి. మనం అలవాటుగా విప్పే వైపు తిప్పితే అవి ఇంకా బిగుసుకుంటాయి. డాడ్జ్ బండ్లకూ 1970ల మొదటి దాకా ఇదే పద్ధతి. బొంబాయి ప్రీమియర్ కంపెనీ స్వాతంత్ర్యం వచ్చిన రోజుల నుంచి డాడ్జ్, ఫార్గో, డిసోటో అని మూడు పేర్లతో దాదాపు ఒకే లారీ అమ్మింది. ఆ లారీలకు మూలం ఈ డాడ్జ్ కంపెనీనే.

ఎందుకిలా చేశారు? బండి ముందుకు పోతుంటే ఎడమవైపు నిలబడి చూసేవాడికి చక్రం గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. మామూలు మర నట్టు ఊడేదీ అటే. తిరగ్గా తిరగ్గా నట్టు వదులవుతుందని ఇంజనీర్లు భయపడి, ఆ పక్క మర తిప్పేశారు. తర్వాత నట్టు అడుగు కోసుగా చేసి గట్టిగా బిగిస్తే ఏ మరైనా ఆగుతుందని తేలాక చాలా కంపెనీలు మానేశాయి. బోల్టు కొస మీద ఎల్ అనే ఇంగ్లీషు అక్షరం గాటు పెట్టి ఉంటే అది ఎడమ మర. దశాబ్దాల తుప్పు కింద ఆ అక్షరం కనపడక, వీల్ పానా మీద నిలబడి గెంతి బోల్టు విరగ్గొట్టిన సంగతులు ప్రతి మెకానిక్ షెడ్డులోనూ వింటాం.

స్టెప్నీకి మాత్రం కుడి ఎడమల గొడవ లేదు. మర ఉండేది ఇరుసు వైపు బోల్టుకే, చక్రానికి ఉన్నది ఒట్టి బెజ్జం. కాబట్టి ఒకటే చక్రం నాలుగు మూలలకూ సరిపోతుంది.

పాత బజాజ్ చేతక్ స్కూటర్‌నూ ఇక్కడే చెప్పేయాలి. ముందూ వెనకా ఒకే కొలత చక్రాలు, అందుకే ఒక్క స్టెప్నీతో రెండింటికీ సరి. దాని రిమ్ము రెండు ముక్కలుగా విడిపోతుంది కాబట్టి టైరు ఊడదియ్యడానికి గడ్డపారల్లాంటి పట్టీలు అక్కర్లేదు. సీటు వెనక నిలబెట్టిన ఆ చక్రానికి ఓ మూత. మూత మీద దేవుడి పేరో, పిల్లల పేర్లో రాయించుకునేవారు. ఇద్దరు పిల్లలుంటే చోటు చాలేది.

డెల్టాలో టైరు అసలు వేలాడేది ఎక్కడ?

పక్కన టైరు తగిలించుకున్న బండ్లు చూడాలంటే ఇప్పుడు రోడ్డు మీద కాదు, నర్సాపురం రేవు మీద చూడాలి. వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వెళ్లే పంటు ఎక్కండి. మోటారు సైకిళ్లూ, కార్లూ, అంతర్వేది వెళ్లే జనం అంతా దానిమీదే. పంటు పక్కన, పడవల పక్కన, రేవు గట్టుకు తాళ్లతో వేలాడేవి లారీ టైర్లే. పడవ గట్టుకు ఆనేటప్పుడు దెబ్బ టైరు తింటుంది, చెక్కా రేకూ బతుకుతాయి. దీనికి టైరును మించినది లేకపోవడానికి కారణం దాని కట్టుబడే. బయటి రబ్బరు రాపిడికి ఓరుస్తుంది. లోపల గుడ్డ పోగులూ తీగెలూ పట్టి ఉంచుతాయి. మధ్యలో బోలుగా ఉండటంతో నొక్కుకుపోయి మళ్లీ లేస్తుంది. ఉప్పునీళ్లలో రబ్బరు కుళ్లదు. పైసా ఖర్చు లేదు. పెద్ద ఓడరేవుల్లో ఓడకూ ఓడకూ మధ్య వదిలే పెద్ద గాలి దిండ్లకు కూడా పైన గొలుసులతో పాత టైర్ల వల చుట్టి ఉంటుంది. కొన్నిచోట్ల అవి విమానాల టైర్లు. గోదావరి సరంగు ఎవరినీ అడక్కుండా చేసుకున్న ఏర్పాటుకు ప్రపంచ ఓడరేవులు కూడా వచ్చాయి.

లారీ ట్యూబు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. గాలి కొట్టిన ట్యూబు మీద కాలవలో ఈత నేర్చుకోని కుర్రాడు డెల్టాలో తక్కువ. నేర్చుకున్నాక వీపు మీద వాల్వు గీతలు మిగులుతాయి.

కింద దాగిన చక్రం

ఇక మన కాలానికి వద్దాం. 1980ల మధ్యలో హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు చేసింది. 1989లో ఆ వ్యాపారం మహీంద్రా చేతికి వచ్చింది. 1986లో టాటా 407, 1988లో టాటామొబైల్ పిక్-అప్, 2005లో టాటా ఏస్. పడవ మోసిన సరుకంతా వీటి మీదికి మారింది. ఈ తరం చిన్న బండ్లలో స్టెప్నీ చాలావరకు తొట్టి కిందే. వెడల్పు తొట్టి, మూడు పక్కలా వాలే తలుపులు, వేరే చోటెక్కడ? గొలుసుకో, తీగెకో కట్టి, వించి తిప్పి పైకి లాగి ఉంచుతారు.

ఉప్పు తగలని చోట ఈ ఏర్పాటుకు పెద్ద తప్పు పట్టలేం. మొగల్తూరు మండలంలో మాత్రం పట్టాలి. ఇక్కడ పిక్-అప్ మోసేది ఎక్కువగా రొయ్యలు, చేపలు, ఐసు. కరిగిన ఐసు నీళ్లు, చెరువు ఉప్పునీళ్లు తొట్టి చిల్లుల్లోంచి కారి నేరుగా ఆ వించి మీదే పడతాయి. పైనుంచి పేరుపాలెం సముద్రపు ఉప్పుగాలి. ఉప్పు తగిలిన ఇనుము ఎంత తొందరగా తుప్పుపడుతుందో డెల్టా వాళ్లకు చెప్పాలా? నడిరాత్రి చెరువు గట్టు మీద పంక్చరైతే స్టెప్నీ ఉంటుంది, గాలీ ఉంటుంది, తీగె మాత్రం కిందికి దిగదు. రంపంతో కోసి దించుకున్న డ్రైవర్లు ఉన్నారు. పాత జీపు పక్కన ఎండకు ఎండుతూ, అందరికీ కనపడుతూ వేలాడిన చక్రంతో ఈ బాధ లేదు. నన్నడిగితే ఉప్పు ఊళ్లలో తిరిగే పిక్-అప్‌లకు ఇప్పటికీ పక్క స్టెప్నీయే తగినది. కంపెనీలు వినవనుకోండి.

పక్క చక్రానికీ ఓ శత్రువు ఉంది, ఎండ. సూర్యరశ్మి, గాలిలోని ఓజోను కలిసి రబ్బరును బీటలు తీస్తాయి. అందుకే పాత జీపుల స్టెప్నీకి క్యాన్వాసు ముసుగు వేసేవారు. టైరు తిరిగినా తిరక్కపోయినా దాని వయసు పెరుగుతూనే ఉంటుంది. ఆ వయసు టైరు మీదే రాసి ఉంటుందని మీకు తెలుసా? పక్క గోడ మీద చిన్న డబ్బాలో నాలుగు అంకెలు వెతకండి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అంటే జూన్ మొదట్లో పుట్టిన టైరు. పదేళ్లు దాటితే, ఒక్క కిలోమీటరు తిరగని స్టెప్నీ అయినా సరే, మార్చమని పెద్ద టైరు కంపెనీలు చెబుతాయి. పాత జీపు బేరానికి వెళ్లినవాళ్లు ఇంజను చప్పుడు విని ఊరుకోకుండా ఆ డబ్బా కూడా చూస్తే బేరం ఇంకో రెండు వేలు తగ్గించుకోవచ్చు.

2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే డ్రైవరుకు చెప్పే పరికరం, పంక్చరు కిట్టు ఉంటే 3.5 టన్నుల లోపు బండ్లలో స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదంది. బ్యాటరీకి చోటు కావాల్సిన కరెంటు కార్లకు అది బాగా కలిసొచ్చింది. కిట్టులోని జిగురు సన్నటి మేకు చిల్లును మూస్తుంది. టైరు పక్క గోడ చీరితే దానివల్ల కాదు. చెరువు గట్ల మీద పదునైన రాళ్లకూ, విరిగిన నత్తగుల్లలకూ చీరేది ఎక్కువగా ఆ పక్క గోడే.